ఇంటి నుంచి సోషల్ మీడియా మేనేజర్ పని: రెజ్యూమె పంపే ముందు చేతిలో ఉండాల్సినవి

నమస్తే అండి. 2025 ఏప్రిల్ మొదట్లో తెలుగు వాళ్ల ఫోన్లలో ఒక ఆడియో తెగ తిరిగింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే ఒక బ్రాండ్‌కి ఒక కస్టమర్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, రేట్లు ఇంత ఎక్కువ ఉన్నాయేంటి అని అడిగారు. అటు నుంచి బూతులతో వాయిస్ మెసేజ్ వచ్చింది. అది బయటపడ్డాక ఏం జరిగిందో అందరం చూశాం. పేర్లు చెప్పను, వాళ్లు అప్పటికే చాలా మాటలు పడ్డారు. కానీ ఒక్క విషయం గమనించండి. ఆ బ్రాండ్‌కి రీల్స్‌కి కొదవ లేదు, ఫాలోవర్లకి కొదవ లేదు. దెబ్బ తగిలింది జవాబు దగ్గర.

ఇంట్లో నుంచి సోషల్ మీడియా మేనేజర్ పని, అంటే ఒక వ్యాపారానికి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి పేజీలు చూసుకునే పని, ఎలా దొరుకుతుంది అని చాలామంది అడుగుతున్నారు. చంటిపిల్లలతో బయటికి వెళ్లలేని అమ్మలున్నారు, డిగ్రీ అయిపోయి హైదరాబాద్ హాస్టల్ ఖర్చులు భరించలేక ఊళ్లోనే ఉండిపోయిన పిల్లలున్నారు. దాదాపు అందరూ పోస్టర్లు చేసే కాన్వా యాప్ నేర్చుకున్నారు, రీల్స్ ఎడిటింగ్ నేర్చుకున్నారు, ఏదో ఒక డిజిటల్ మార్కెటింగ్ కోర్సు సర్టిఫికెట్ సంపాదించారు. అయినా అప్లై చేసిన చోట నుంచి ఉలుకూ పలుకూ లేదు.

యజమాని వైపు నుంచి చూడండి. మొహం కూడా చూడని మనిషికి తన పేజీ అప్పజెప్పడమంటే, కొట్టు తాళాలు చేతిలో పెట్టడమే. ఆయనకి పోస్టర్ అందంగా వచ్చిందా లేదా అన్నది తర్వాతి సంగతి. నా కస్టమర్‌తో ఈ అమ్మాయి ఎలా మాట్లాడుతుంది, చెప్పిన టైంకి చేస్తుందా, మధ్యలో ఫోన్ ఎత్తడం మానేస్తే నా పేజీ గతేంటి, ఇవీ ఆయన భయాలు. మీ రెజ్యూమెలో వీటికి జవాబు ఉండదు. అందుకే నేను చెప్పేది ఒకటే: మీరు ఎలా జవాబిస్తారో ముందే చూపించండి.

ఎలా చూపించాలో ఒక ఉదాహరణతో చెప్తాను. ఏదో ఒక రకం వ్యాపారం ఎంచుకోండి, మీకు బాగా తెలిసినది. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు పార్సిల్ పంపే హోమ్ ఫుడ్స్ వ్యాపారమే అనుకుందాం, గోదావరి జిల్లాల్లో, గుంటూరు, విజయవాడల్లో, హైదరాబాద్‌లో వీధికొకటి ఉన్నాయి. వాటిలో ఒకదాని ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి గంట సేపు కూర్చోండి. చాలా పేజీల్లో మీకు కనిపించేది ఇదే: పైన వరసగా పండగ శుభాకాంక్షల పోస్టర్లు. మధ్యలో ఒక మంచి రీల్, ఆవకాయ కలుపుతున్నది. దాని కింద కామెంట్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులో. “కిలో ఎంత అండి?” జవాబు లేదు. “డల్లాస్ పంపిస్తారా?” జవాబు లేదు. “నూనె ఏం వాడతారు?” దానికి ఒక చేతులు జోడించిన బొమ్మ. ఇంకొకరికి “డీఎం చేయండి,” అంటే విడిగా మెసేజ్ పెట్టమని. ఆయన డీఎం చేశారో లేదో ఎవరికి తెలుసు, వేరే పేజీకి వెళ్లి కొనుక్కుని ఉంటారు.

ఇప్పుడు మీ పని మొదలు. ఆ పేజీలో పదే పదే అడుగుతున్న ప్రశ్నలు ఒక పదిహేను రాసుకోండి. ప్రతిదానికీ ఆ షాపు వాళ్లు మాట్లాడే తీరులోనే మర్యాదగా, రెండు వాక్యాల్లో జవాబు రాయండి. రేటు ఎక్కువ అన్న వాళ్లకి ఏం చెప్తారో తప్పకుండా రాయండి, ఎందుకంటే యజమాని ముందు చూసేది అదే. “అవునండి, మాది కిలో కొంచెం ఎక్కువే. గానుగ నువ్వుల నూనె వాడతాం, అందువల్ల. ముందు పావు కిలో తెప్పించుకుని రుచి చూడండి, నచ్చితేనే మళ్లీ ఆర్డర్ పెట్టండి.” అయితే ఆ షాపు నిజంగా గానుగ నూనె వాడుతుందో లేదో తెలియకుండా అలా రాయకూడదు. తెలియని చోట ఖాళీ వదిలి, “ఇది మీరు చెప్పాలి” అని పక్కన రాయండి. చికెన్ పచ్చడి అమెరికా పంపిస్తారా అన్న ప్రశ్న కూడా అలాంటిదే. మాంసం ఉత్పత్తుల మీద అక్కడ కస్టమ్స్ ఆంక్షలున్నాయి, మీ ఇష్టానికి మీరు “పంపిస్తాం అండి” అనేస్తే పార్సిల్ పోయేది కస్టమర్‌ది, మాట పడేది షాపు. తెలియనిది తెలియదని రాసి పెట్టే మనిషి మీద యజమానికి నమ్మకం కుదురుతుంది.

దాంతో పాటు ఒక నెల క్యాలెండర్, అంటే ఏ రోజు ఏ పోస్ట్ పెట్టాలో రాసిన పట్టిక. ఇది కూడా ఆ వ్యాపారం తెలిసిన మనిషి రాసినట్టు ఉండాలి. ఆవకాయ పట్టేది ఎండాకాలంలో, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కాయ కొట్టడం, కారం ఆరబెట్టడం చూపించాలి. జూలై నెలాఖరు నుంచి ఆగస్టు దాకా అమెరికా యూనివర్సిటీలకి వెళ్లే పిల్లల సూట్‌కేసులు సర్దే సీజన్. అప్పుడు ఆ తల్లులకి కావాల్సింది పండగ పోస్టర్ కాదు, “కంది పొడి అరకిలో, నిమ్మకాయ పచ్చడి అరకిలో, లీక్ కాకుండా ఇలా ప్యాక్ చేస్తాం” అని చూపించే వీడియో. సంక్రాంతి ముందు అరిసెలకి ఆర్డర్లు ఏ తేదీ వరకు తీసుకుంటారో చెప్పే పోస్ట్. ఇవన్నీ మన ఇంట్లో మనకి తెలిసిన విషయాలే. ఏఐకి చెప్తే క్యాప్షన్ రాసి ఇస్తుంది, కానీ ఆ తెలుగు చాలాసార్లు వార్తలు చదివినట్టు ఉంటుంది, చూసేవాళ్లు పట్టేస్తారు. సాయం తీసుకోండి, తప్పు లేదు. చివరి మాట మాత్రం మీ నోటితో ఒకసారి చదివి చూసుకోండి.

ఈ రెండూ రెండు పేజీల పీడీఎఫ్‌గా చేసి యజమానికి పంపండి. మెసేజ్ చిన్నగా ఉండాలి. “నమస్తే అండి, మీ పేజీలో ఈ నెల వచ్చిన కామెంట్లలో జవాబు లేనివి చూశాను. వాటికి ఎలా జవాబివ్వొచ్చో రాసి పంపుతున్నాను. నచ్చితే వాడుకోండి. ఈ పని నెలనెలా చేసే మనిషి కావాలనుకుంటే నాకు ఫోన్ చేయండి.” అంతే. చాలామంది చూసి ఊరుకుంటారు, కొందరు ఉచితంగా వాడేసుకుంటారు కూడా. అయినా ఆ పీడీఎఫ్ మీదే. రేపు ఇంకో కంపెనీ “పాత వర్క్ ఏదైనా ఉందా” అంటే చూపించడానికి చేతిలో ఒకటి ఉంటుంది. దాని మీద “ఇది నేను సొంతంగా చేసిన నమూనా” అని స్పష్టంగా రాయండి, ఆ షాపు మీ క్లయింట్ అని చెప్పకండి.

ఉద్యోగంగానే కావాలనుకునే వాళ్లు లింక్డ్‌ఇన్, నౌకరీ, ఇంటర్న్‌శాలలో “సోషల్ మీడియా మేనేజర్” అని మాత్రమే వెతికితే ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్ల పోస్టులే కనిపిస్తాయి. “సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్”, “కంటెంట్ ఎగ్జిక్యూటివ్”, “కమ్యూనిటీ మేనేజర్” అని కూడా వెతకండి, పక్కన “తెలుగు” అని చేర్చి చూడండి. ఇంటర్వ్యూలో టెస్ట్ ఇస్తారు. ఒక పోస్ట్, ఒక క్యాప్షన్ అడిగితే చేసివ్వండి. నెలంతటికీ క్యాలెండర్, పది డిజైన్లు ఉచితంగా చేసివ్వమంటే అది టెస్ట్ కాదు, మీ పని ఊరికే వాడుకోవడం. డబ్బులిస్తే చేస్తానని మర్యాదగా చెప్పండి.

జీతం దగ్గర చాలామంది మోసపోతున్నది లెక్క వేసుకోకపోవడం వల్ల. నెలకి 8 రీల్స్, 8 పోస్టర్లు, కామెంట్లకి జవాబులు, ఒక రిపోర్ట్ అని ఒప్పుకున్నారనుకోండి. రీల్‌కి 3 గంటలు వేసుకుంటే 24 గంటలు. పోస్టర్‌కి గంట చొప్పున 8. రిపోర్టుకి, ఫోన్ కాల్స్‌కి ఇంకో 6. జవాబులకి రోజుకి గంట అనుకున్నా నెలకి 30. మొత్తం 68 గంటలు. దానికి 8,000 రూపాయలు ఇస్తామంటే గంటకి 118 రూపాయలు కూడా పడదు. అన్నిటికంటే ఎక్కువ టైం తినేది ఏదో చూశారా? జవాబులు. బేరం కుదిరేటప్పుడు మాత్రం ఇద్దరూ రీల్స్ లెక్కే మాట్లాడతారు, జవాబుల ఊసే రాదు. తర్వాత రాత్రి పదకొండింటికి “కామెంట్ వచ్చింది చూడమ్మా” అని ఫోన్. కాబట్టి ఏ గంట నుంచి ఏ గంట వరకు జవాబిస్తారో మొదటి రోజే వాట్సాప్‌లో రాసి, “సరే” అనిపించుకోండి.

అమెరికాలో కస్టమర్లున్న వ్యాపారమైతే టైం తేడా మీకు కలిసొస్తుంది. వేసవిలో డల్లాస్‌లో రాత్రి 8 అయితే మనకి పొద్దున్న 6:30. వాళ్లు తీరిగ్గా ఫోన్ పట్టుకునే టైంకి మీరు కాఫీ తాగుతూ ఒక గంట జవాబులు ఇచ్చేయొచ్చు. అక్కడ తెలుగు వాళ్లు నడిపే రెస్టారెంట్లు, చీరల బొటిక్‌లు, కిరాణా షాపులు చాలా ఉన్నాయి, వాళ్లకి తెలుగులో మాట్లాడే మనిషి విలువ తెలుసు. ఆన్‌లైన్‌లో విడిగా పనులు దొరికే ఫైవర్, అప్‌వర్క్ లాంటి సైట్లు కూడా ఉన్నాయి, కానీ ఫైవర్‌లో మీకొచ్చే దాంట్లో 20 శాతం వాళ్లే తీసుకుంటారు. అప్‌వర్క్‌లో అప్లై చేయడానికే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, అయిపోతే డబ్బులు పెట్టి కొనుక్కోవాలి. మొదటి పనికి ఆ గుంపులో నిలబడటం కంటే తెలిసిన వ్యాపారాల్నే పలకరించడం మేలని నా అభిప్రాయం.

అమెరికాలోనే ఉండి ఈ వీడియో చూస్తున్న మన ఆడపడుచులకి ఒక మాట. మీరు ఎచ్-4 వీసా (అక్కడ ఎచ్-1బీ మీద పనిచేసే వాళ్ల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంటే, వర్క్ పర్మిట్ లేకుండా పని చేయకూడదు. ఎచ్-4 వాళ్లలో కొందరికి ఆ పర్మిట్ ఇచ్చే నిబంధన 2015లో వచ్చింది, అందరికీ వర్తించదు. ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చేసేదే కదా అనుకోకండి. ఇండియా షాపుకే చేసినా సరే, ముందు లాయర్‌ని అడగండి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న పిల్లలూ అంతే. నాలుగు డాలర్ల కోసం వీసా మీదికి తెచ్చుకోవద్దు.

పని కుదిరాక మొదట వచ్చే తలనొప్పి పాస్‌వర్డ్. యజమాని ప్రేమగా వాట్సాప్‌లో పాస్‌వర్డ్ పంపేస్తారు. తీసుకోకండి. మీరు వరంగల్‌లో లాగిన్ అవుతారు, ఓటీపీ విజయవాడలో ఆయన ఫోన్‌కి వెళ్తుంది, ఆయన పెళ్లిలో ఉంటారు. అది కాక, రేపు పేజీకి ఏం జరిగినా ముందు మీ మీదే అనుమానం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడపడానికి వాడే మెటా బిజినెస్ సూట్‌లో మీ పేరు చేర్చి, మీకు అవసరమైన పనులకి మాత్రమే అనుమతి ఇవ్వమని చెప్పండి. ఎలా చేయాలో స్క్రీన్ షేర్ చేసి మీరే చూపించండి. పని మానేసిన రోజు నా యాక్సెస్ తీసేయండి అని మెసేజ్ పెట్టండి. ఇంకొకటి, “ఆ సినిమా పాట పెట్టమ్మా, ట్రెండింగ్‌లో ఉంది” అంటారు. బిజినెస్ అకౌంట్‌కి చాలా పాటలు వాడే హక్కు ఉండదు, వీడియో సౌండ్ పోతుంది, పాట హక్కులున్న వాళ్లు నోటీసు కూడా పంపొచ్చు. ముందే చెప్పి పెట్టండి. ఇన్‌ఫ్లుయెన్సర్‌కి డబ్బులిచ్చి వీడియో చేయిస్తే అది ప్రకటన అని అందులో కనపడేలా చెప్పాలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది.

చివరగా, దయచేసి ఇది శ్రద్ధగా వినండి. “సోషల్ మీడియా జాబ్, వర్క్ ఫ్రమ్ హోమ్, యూట్యూబ్ వీడియోకి లైక్ కొడితే డబ్బులు” అని వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మెసేజ్ వస్తే అది ఉద్యోగం కాదు. మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు. తర్వాత “ప్రీపెయిడ్ టాస్క్” అంటారు, వెయ్యి కడితే పదమూడు వందలు. ఆ తర్వాత లక్షలు. మీ ఖాతాలో లాభం కనిపిస్తూనే ఉంటుంది, తీసుకోబోతే మాత్రం ఇంకా కట్టమంటారు. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి ముఠాని పట్టుకున్నప్పుడు తేలిన మొత్తం 712 కోట్ల రూపాయలు. చదువుకున్న వాళ్లు, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా ఇలాంటి వాటిలో పడుతున్నారు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ చార్జీ, ఏ పేరుతో అడిగినా సరే, పని ఇచ్చేవాళ్లు మీ దగ్గర డబ్బులు అడిగారంటే అక్కడితో ఆపేయండి. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే, ఆ డబ్బుని అవతలి ఖాతాల్లో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

మీరు ఏ వ్యాపారం ఎంచుకున్నారో, ఆ పేజీలో జవాబు లేని ప్రశ్నలు ఏం దొరికాయో కింద రాయండి. షాపు పేరు అక్కర్లేదు. రేటు ఎక్కువ అన్న కస్టమర్‌కి మీరు రాసిన జవాబు కూడా పెట్టండి, వాటిలో కొన్ని తీసుకుని వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ చదివి, ఎక్కడ మార్చుకోవాలో చెప్తాను.