ఆ జైలు రేపు ఎవరి చేతిలో ఉంటుంది?

హోస్ట్: నమస్కారం. యుద్ధంలో ఉన్న దేశానికి నిందితుణ్ణి అప్పగించవచ్చా అన్నది ఈ రోజు మన ప్రశ్న. అప్పగింత కేసులను దగ్గరగా చూసిన అడ్వొకేట్ గారు మనతో ఉన్నారు. మేడమ్, జర్మనీ తీర్పుతో మొదలుపెడదామా?

అడ్వొకేట్: అలాగేనండీ. 2018లో పోలీసు మీద దాడి చేశాడన్న కేసులో తన పౌరుణ్ణి అప్పగించమని ఉక్రెయిన్ జర్మనీని అడిగింది. తన మనస్సాక్షి ఆయుధం పట్టడానికి ఒప్పుకోదని, తనను పంపితే సైన్యంలో చేర్చుకుంటారని అతను వాదించాడు. ఇష్టం లేనివారి చేత ఆయుధం పట్టించకూడదన్న హక్కు జర్మనీ రాజ్యాంగం 4వ అధికరణంలోనే ఉంది. అయినా 2025 జనవరి 16న అక్కడి ఫెడరల్ న్యాయస్థానం, అక్రమ దాడికి గురై ఆత్మరక్షణ కోసం పోరాడుతున్న దేశం అడిగినప్పుడు ఆ హక్కు అప్పగింతకు అడ్డు కాదని తేల్చింది.

హోస్ట్: వినడానికే కఠినంగా ఉంది.

అడ్వొకేట్: నాకూ అలాగే అనిపించింది. అయితే సైన్యం మాట అలా ఉంచి, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది జైలు. నిందితుణ్ణి పంపిన తరువాత అక్కడ జరిగేదానికి పంపిన దేశం కూడా బాధ్యత వహించాలని స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1989లో సోయరింగ్ కేసులో చెప్పింది. అప్పుడు నిందితుణ్ణి అడిగింది అమెరికా, పంపబోయింది బ్రిటన్. 2011లో సోమాలియాకు సంబంధించిన కేసులో అదే న్యాయస్థానం, ఆ దేశ రాజధాని మొగదిషులో హింస ఎంత తీవ్రంగా ఉందంటే అక్కడికి చేరిన దాదాపు ఎవరికైనా ప్రమాదమేనని చెప్పింది. అది దేశ బహిష్కరణ కేసు, అప్పగింత కేసు కాదు. కానీ చిత్రహింసను నిషేధించే ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక 3వ అధికరణం రెండింటికీ ఒక్కటే.

హోస్ట్: అడిగే దేశం హామీ ఇస్తుంది కదా, మంచి జైల్లో ఉంచుతామని?

అడ్వొకేట్: ఇస్తుంది, చాలాసార్లు చిత్తశుద్ధితోనే ఇస్తుంది. ఆ హామీలను ఎలా తూచాలో చెబుతూ స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం 2012లో ఒత్మాన్ కేసులో 11 అంశాలు పేర్కొంది. మాట నిలబెట్టుకున్నారో లేదో బయటివారు చూసి నిర్ధారించుకోగలరా అన్నది వాటిలో ఒకటి. యుద్ధం దెబ్బతీసేది సరిగ్గా దీన్నే. 2022లో ఉక్రెయిన్‌లోని ఖెర్సోన్‌ను ఆక్రమించిన రష్యా సేనలు అక్కడి జైళ్లలోని ఖైదీలను తమ దేశానికి తరలించుకుపోయాయి. హామీపత్రం మీద సంతకం కీవ్‌ది, జైలు తాళాలు మాత్రం శత్రువు చేతికి పోయాయి. 2025 జూలైలో జపోరిజ్జియా ప్రాంతంలోని ఒక జైలు మీద రష్యా బాంబులు పడి పదిమందికి పైగా ఖైదీలు చనిపోయారు. ఏ మంత్రిత్వశాఖ ముద్ర ఆ బాంబును ఆపగలదు చెప్పండి.

హోస్ట్: అలాగని అసలు పంపనే కూడదంటే, నేరం చేసినవాడికి యుద్ధమే గొడుగు పట్టినట్టు కాదా?

అడ్వొకేట్: న్యాయమైన ప్రశ్నే. బాధితులు కూడా అక్కడే, ఆ బాంబుల కిందే ఉంటారు. పంపలేనప్పుడు తామే విచారించడం ఒక దారి. మన 1962 నాటి అప్పగింత చట్టంలో 34ఏ సెక్షన్ ఉన్నది ఇందుకోసమే. సాక్షులను రప్పించడం కష్టమే అయినా, కొందరినైనా వీడియోలో విచారించవచ్చు.

హోస్ట్: హామీ తప్పితే నిందితుణ్ణి వెనక్కి తెచ్చుకోలేరా?

అడ్వొకేట్: ముంబై గ్యాంగ్‌స్టర్ అబూ సలేం సంగతి చూడండి. మనవాళ్లకు ఇతను కర్నూలు చిరునామాతో తీసిన దొంగ పాస్‌పోర్టు కేసులో గుర్తుంటాడు. మరణశిక్ష వేయబోమని, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచబోమని మన ప్రభుత్వం హామీ ఇచ్చాక 2005లో పోర్చుగల్ అతన్ని అప్పగించింది. తరువాత, ఒప్పుకోని అభియోగాలు మోపారంటూ అక్కడి కోర్టులు అప్పగింత అనుమతిని రద్దు చేశాయి. మనిషి మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. యుద్ధమన్నది లేని రెండు దేశాల మధ్య సంగతి ఇది.

హోస్ట్: ఇలాంటి కేసులో మీరైతే జడ్జిని ఏం కోరతారు?

అడ్వొకేట్: జైలు పేరు రాతపూర్వకంగా అడగమంటాను. అది పోరు జరుగుతున్న చోటుకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, సైరన్ మోగితే ఖైదీలు దిగడానికి నేలమాళిగ ఉందా, రాయబార కార్యాలయం నుంచి ఎవరు వెళ్లి చూస్తారు, ఆ వెళ్లే రైలు నడుస్తోందా అని కూడా అడగమంటాను. వీటికి జవాబు వచ్చేదాకా వాయిదా వేయమని కోరతాను.