తెగిన నరానికి రోజుకు ఒక్క మిల్లీమీటరే

అందరికీ నమస్కారం.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక తికమక తీర్చుకుందాం. వాడుకలో చేతి మీద నీలంగా ఉబ్బేదీ నరమే, మణికట్టు దగ్గర తాడులా బిగుసుకునేదీ నరమే. నిజానికి మొదటిది రక్తం పారే సిర. రెండోది కండరాన్ని ఎముకకు కట్టిపెట్టే టెండాన్. నేను మాట్లాడబోయేది మెదడు, వెన్నుపాముల నుంచి సంకేతాలు మోసే నరం గురించి.

ఈ తికమక మాటలతో పోదు. మణికట్టు లోతుగా తెగినప్పుడు అరచేతికి వెళ్ళే మీడియన్ నరం, దాని పక్కనే ఉండే పాల్మారిస్ లాంగస్ అనే టెండాన్ రెండూ రక్తంలో తెల్లటి కొసల్లాగే కనిపిస్తాయి. తొందరపాటులో ఒకదాని కొసను రెండోదానికి కలిపి కుట్టేయడం ఎరిగిన పొరపాటే. నరం పైపొర మీద సన్నటి రక్తనాళం నిలువునా పాకి ఉంటుంది. కోసిన కొసలో తంతువుల చిన్న చిన్న కట్టలు చుక్కల్లా కనిపిస్తాయి. టెండాన్ కొస గట్టిగా, మెరుస్తూ ఉంటుంది, ఆ చుక్కలుండవు.

తెగిన నరంలో ఏం జరుగుతుందో 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి చూపించాడు. తంతువు పుట్టే చోటైన కణదేహంతో సంబంధం తెగిన దిగువ భాగంలో తంతువులు ముక్కలై పోతాయి. కానీ వాటిని చుట్టుకుని ఉండే ష్వాన్ కణాలు చావవు. శిథిలాలు తొలగించడంలో చెయ్యి వేసి, వరుసకట్టి ఖాళీ గొట్టాల్లా నిలబడతాయి. పైకొస నుంచి కొత్త మొలకలు ఆ గొట్టాల్లోకి దిగి పాకాలి. వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు.

ఇప్పుడు లెక్క వేయండి. మెడ దగ్గర తెగిన నరం అరచేతి కండరాలను చేరడానికి 70 సెంటీమీటర్లు అనుకుంటే 700 రోజులు. నరం అందని కండరమేమో 12 నుంచి 18 నెలల్లో కరిగి, పీచుగా మారి, ఆ తర్వాత మొలక వచ్చి చేరినా పలకదు. ఈ రంగంలో నిర్ణయాలన్నీ ఈ రెండు అంకెల మధ్య నలుగుతుంటాయి.

అలాగని ప్రతి గాయాన్నీ వెంటనే తెరవకూడదు. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క ఉంది. కత్తితోనో గాజుతోనో నున్నగా తెగితే మూడు రోజుల్లోపు కుట్టాలి. అప్పటికి దిగువ కొసను విద్యుత్తుతో తట్టినా కండరం ఇంకా కదులుతుంది కాబట్టి ఏ కట్ట ఎటు పోతుందో పోల్చుకోవచ్చు. చితికి, చిరిగి తెగితే మూడు వారాలు ఆగాలి. ఎంతమేర పాడైందో మచ్చ గట్టిపడితే గానీ తేలదు. ముందే కుడితే చచ్చిన ముక్కకు చచ్చిన ముక్కను కుట్టినట్టే. చర్మం తెగకుండా సాగో నలిగో పనిచేయకపోతే మూడు నెలల దాకా చూడాలి. సెడన్ అనే సర్జన్ 1943లో నరాల గాయాలను మూడు రకాలుగా విడగొట్టాడు: సంకేతం మాత్రమే ఆగినవి, లోపలి తంతువులు తెగినా పైపొర నిలిచినవి, నరమంతా తెగినవి. వాటిలో మొదటి రెండూ మామూలుగా కత్తి పెట్టకుండానే కోలుకుంటాయి. ఇక్కడ తరచూ జరిగే తప్పు, గాయమైన నాలుగైదు రోజులకే సూదితో ఈఎంజీ (కండరంలోని విద్యుత్తును చూసే పరీక్ష) తీసి పరవాలేదనుకోవడం. నరం తెగిన గుర్తులు కండరంలో కనిపించడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది.

కుట్టేటప్పుడు మైక్రోస్కోపు కింద కొసను పొర తర్వాత పొరగా బ్లేడుతో కోస్తూ పోవాలి, కట్టలు పుట్టగొడుగు తలల్లా బయటికి ఉబ్బేదాకా. పైపొర మీది రక్తనాళం రెండు వైపులా ఒకే గీతలో కలిసేలా తిప్పుకోవాలి. ఆపైన జుట్టు కంటే సన్నటి 9-0 నైలాన్ దారం, ఎదురెదురుగా రెండు కుట్లు, మధ్యలో అవసరమైనన్నే. కుట్టు బిగిస్తే కట్టలు మడతపడి పక్కకు తన్నుకొస్తాయి, మొలకలు దారి తప్పుతాయి. లాగి కుట్టడం అంతకంటే చెడ్డది. నరం 8 శాతం సాగితే దానిలో రక్తం నెమ్మదిస్తుంది, 15 శాతానికి ఆగిపోతుంది. దారం చీల్చుకుని వస్తోందంటే లాగుడు ఎక్కువైనట్టే. అప్పుడు పిక్క వెనక నుంచి సూరల్ నరం తీసి, ఖాళీ కంటే 10 శాతం పొడవుగా ఉంచి మధ్యలో అతకాలి. బదులుగా పాదం బయటి అంచున స్పర్శ పోతుంది. ఈ మాట ముందే రోగికి చెప్పాలి.

మరి మెదడులో, వెన్నుపాములో ఈ పని ఎందుకు జరగదు? అక్కడ ష్వాన్ కణాలు లేవు. అక్కడి తంతువులకు తొడుగులా ఉండే మైలిన్‌లో నోగో-ఏ లాంటి ప్రోటీన్లు మొలకను ఆపేస్తాయి, మచ్చ అడ్డుపడుతుంది. 1981లో డేవిడ్, అగ్వాయో అనే పరిశోధకులు ఎలుకల్లో అవయవాల నరం ముక్కను వెన్నుపాముకు వంతెనలా అతికితే, అక్కడి తంతువులు ఆ ముక్కలో సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. అవతలి ఒడ్డున మళ్ళీ వెన్నుపాములోకి అడుగుపెట్టగానే ఆగిపోయాయి. లోపం తంతువుది కాదు, నేలది.

అందుకే తలకు దెబ్బ తగిలిన మనిషికి మేం చేసేది అతుకు కాదు, కాపలా. పుర్రె లోపలి ఒత్తిడి 22 మిల్లీమీటర్ల పాదరసం దాటకుండా, రక్తపోటు పడిపోకుండా, ఆక్సిజన్ తగ్గకుండా చూడటం. మంచిచేస్తుందన్న నమ్మకంతో ఏళ్ళ తరబడి ఇచ్చిన స్టెరాయిడ్‌ను పదివేల మంది మీద పరీక్షిస్తే, 2004లో వచ్చిన ఫలితం నమ్మకాన్ని తలకిందులు చేసింది. రెండు వారాల్లో మరణాలు స్టెరాయిడ్ ఇచ్చినవారిలో 21 శాతం, ఇవ్వనివారిలో 18.

మెదడు తీగను మళ్ళీ పెంచుకోలేదు గానీ, మారిన తీగతో పని నేర్చుకోగలదు. మెడలో వెన్నుపాము నుంచి నరాల మూలాలే ఊడిపోయి మోచెయ్యి వంగనివారికి ఓబర్లిన్ అనే సర్జన్ 1994లో ఒక దారి చూపించాడు. భుజం కింద, చేతి వైపు దిగే అల్నార్ నరంలో మణికట్టును వంచే ఒకటి రెండు కట్టలను విద్యుత్తుతో తట్టి గుర్తించి, వాటిని కోసి, మోచేతిని వంచే బైసెప్స్ కండరంలోకి వెళ్ళే కొమ్మకు కుడతారు. మత్తులో కండరాలను సడలించే మందు పనిచేస్తుంటే ఈ తట్టుడుకు జవాబు రాదు, కాబట్టి ఆ మాట మత్తు డాక్టరుతో ముందే అనుకోవాలి. మొలక పాకాల్సింది కొన్ని సెంటీమీటర్లే. కొన్ని నెలలకు బైసెప్స్‌లో మొదటి కదలిక వస్తుంది. అప్పుడు ఫిజియోథెరపిస్టు "మోచెయ్యి వంచండి" అనరు. "మణికట్టు మడవండి" అంటారు. మోచెయ్యి లేస్తుంది. ఇంకొన్నాళ్ళ సాధన తర్వాత మణికట్టు ఊసు లేకుండానే లేస్తుంది.