కౌబాయ్ షూటింగ్ మొదలుపెడుతున్నారా? .45 వద్దు, .38 తీసుకోండి | నెల్లాళ్ళు వాడాక నా రివ్యూ

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈ టేబుల్ మీద నాలుగు తుపాకులున్నాయి. నాలుగూ ఖాళీ. కెమెరా ఆన్ చేసేముందే చూశాను, ఇప్పుడు మీ ముందు మళ్ళీ ఒక్కోటి తెరిచి చూపిస్తాను. రివాల్వర్ గేటు తీసి సిలిండర్ తిప్పుతున్నా, ఆరు గదులూ ఖాళీ. రెండోదీ అంతే. రైఫిల్ లివర్ కిందికి దించాను, లోపల ఏమీ లేదు. డబుల్ బ్యారెల్ మడిచాను, అవతలి నుంచి వెలుగు వస్తోంది చూడండి. తూటాలు అసలు ఈ గదిలోనే లేవు. ఇక మాట్లాడుకుందాం.

ముందే చెప్తున్నా, ఇవి నావి కావు. డాలస్ దగ్గర ఒక షాపు వాళ్ళు, "మీ తెలుగువాళ్ళు ఈ మధ్య చాలామంది వచ్చి అడుగుతున్నారు, ఒక వీడియో చేసిపెట్టండి" అని నెల్లాళ్ళు వాడుకోమని ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. బరువెంత, బ్యారెల్ పొడవెంత, ధరెంత, ఇవన్నీ మీరు కంపెనీ పేజీల్లో చూసే ఉంటారు. వాటి జోలికి నేను పోను.

కౌబాయ్ అనగానే మనకి కృష్ణగారు గుర్తొస్తారు. ఇక్కడ అదొక ఆట. సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అని 1987 నుంచి ఉంది, అందరూ సాస్ అంటారు, రూల్స్ వాళ్ళవే. 19వ శతాబ్దం చివరి నాటి వేషం వేసుకోవాలి, ఒక మారుపేరు పెట్టుకోవాలి. రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, అంటే ప్రతిసారీ వెనక హ్యామర్‌ని వేలితో లాగి కాల్చేవి, ఒక లివర్ యాక్షన్ రైఫిల్, అంటే కింద లివర్ ఆడించి తూటా ఎక్కించేది, ఒక పాతకాలం షాట్‌గన్. స్టేజీ, అంటే ఒక రౌండు, మామూలుగా రివాల్వర్లతో పది, రైఫిల్‌తో పది, షాట్‌గన్‌తో నాలుగో ఆరో. ఇనుప పలకల్ని కొట్టాలి, టైమర్ నడుస్తూ ఉంటుంది. ఒక్క పలక తప్పితే 5 సెకన్లు కలుపుతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది మాత్రం స్కిప్ చేయకండి. మీరు హెచ్1బి మీదో ఎఫ్1 మీదో ఉంటే, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చడానికి కూడా ఇదే వర్తిస్తుంది. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, కానీ ఎవరో వాట్సాప్‌లో చెప్పారని ముందుకెళ్ళకండి. మీ కాగితాలు పట్టుకెళ్ళి అడ్వకేట్‌కి చూపించి అడగండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ అడ్డంకి లేదు. వీసా స్టేటస్ కన్నా ఏ ఆటా ఎక్కువ కాదండి. మ్యాచ్ చూడటానికి రండి, చూస్తే ఎవరూ వద్దనరు.

ఇప్పుడు అసలు విషయం. ఆ షాపు వాళ్ళు మొదట నాకోసం తీసిపెట్టింది .45 కోల్ట్ సెట్, అంటే లావుపాటి తూటా వాడేది. "కౌబాయ్ అంటే .45 కదండీ" అన్నారు. నేను అక్కడే నిలబడి మార్పించి, సన్నటి .38 తూటాలు కూడా కాల్చగలిగే .357 సెట్ తెచ్చాను. ఎందుకో చెప్తా, ఎందుకంటే ఈ ఒక్క మాటతో ఎంతోమంది కొత్తవాళ్ళు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ముందు ఆ "కౌబాయ్ అంటే .45" అన్న మాట తీసుకుందాం. .45 కోల్ట్ 1873 నాటిది, అమెరికా సైన్యం కోల్ట్ రివాల్వర్‌తో పాటు తీసుకుంది, అది నిజం. కానీ ఆ రోజుల్లో ఆ తూటాకి లివర్ రైఫిల్ లేదు. వించెస్టర్ 1873 రైఫిల్ వచ్చింది .44-40 అనే వేరే తూటాలో. నడుముకి రివాల్వరూ గుర్రానికి రైఫిలూ ఒకే తూటాతో కావాలనుకున్నవాడు .44-40 వాడేవాడు. .45 కోల్ట్ లివర్ రైఫిళ్ళన్నీ మన కాలంలో తయారైనవే. కాబట్టి చరిత్ర కోసం .45 తీసుకుంటున్నాను అంటే, రైఫిల్ దగ్గరికి వచ్చేసరికి ఆ చరిత్ర లేదు.

సరే, చరిత్ర పక్కన పెట్టండి. పని ఎలా చేస్తుందో చూద్దాం. .45 కోల్ట్ కేసు, అంటే మందు నింపే ఇత్తడి గొట్టం, 40 గ్రెయిన్ల నల్లమందు పట్టేలా చేసినది. గ్రెయిన్ అంటే మందునీ గుండునీ తూచే చిన్న కొలత. ఇప్పుడు మనం స్మోక్‌లెస్ పౌడర్, అంటే పొగ తక్కువ వచ్చే ఈ కాలపు మందు, ఐదారు గ్రెయిన్లు పోస్తాం. అంత పెద్ద కేసులో అది అడుగున ఎక్కడో పడి ఉంటుంది. తుపాకీ పైకెత్తితే ఒక మూలకి, దించితే ఇంకో మూలకి జారుతుంది. అందుకే ఒక తూటా గట్టిగా, ఒక తూటా మెత్తగా పేలుతుంది. ఇంకో గొడవ, ప్రెజర్ తక్కువ కాబట్టి ఆ దళసరి ఇత్తడి కేసు సరిగ్గా వ్యాకోచించి ఛాంబర్‌ని, అంటే తూటా కూర్చునే గదిని, మూయదు. మసి వెనక్కి వస్తుంది. .45 రైఫిల్ కాల్చినవాళ్ళ కళ్ళజోడు మీద, బుగ్గ మీద నల్లటి చుక్కలు చూశారా? అదే ఇది. .44-40 కేసు మెడ పల్చగా ఉంటుంది, అది చక్కగా మూసేస్తుంది, అందుకే నల్లమందు వాడేవాళ్ళు దాన్ని అంత ఇష్టపడతారు. కానీ ఆ పల్చటి మెడే రీలోడింగ్ ప్రెస్ మీద, అంటే వాడిన కేసుల్లో మళ్ళీ మందూ గుండూ నింపే యంత్రం మీద, ఇట్టే నలిగిపోతుంది. కొత్తవాళ్ళకి ఆ తలనొప్పి ఎందుకు?

.38 స్పెషల్‌కి ఇవేవీ లేవు. కేసు చిన్నది, మందు కొంచెం, గుండు తేలిక. సాస్ రూల్ ప్రకారం సీసం గుండ్లే వాడాలి, రివాల్వర్‌లో వేగం సెకనుకి 1000 అడుగులు, రైఫిల్‌లో 1400 అడుగులు దాటకూడదు. రివాల్వర్ పలకలు ఏడు నుంచి పది గజాల దూరంలో ఉంటాయి. పెద్ద పలకలు. అవి కింద పడక్కర్లేదు, టంగుమంటే చాలు. దానికి 250 గ్రెయిన్ల గుండు ఏం చేసుకుంటాం? 125 గ్రెయిన్ల .38 గుండు అదే టంగు ఇస్తుంది, చెయ్యి తన్నదు, రెండో పలక మీదికి గురి వెంటనే వస్తుంది. ఆరు స్టేజీల మ్యాచ్ అంటే రివాల్వర్, రైఫిల్ కలిపి 120 తూటాలు. ప్రతి తూటాకీ సగం సీసం, సగం మందు మిగిలితే ఏడాదికి ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. మా ఆవిడ కూడా నాతో పాటు మ్యాచ్‌కి వస్తుంది, .45 ఒక సిలిండర్ కాల్చి పక్కన పెట్టేసింది. .38తో రోజంతా కాలుస్తుంది.

కొనేటప్పుడు మాత్రం తుపాకీ మీద .357 మాగ్నమ్ అని ఉన్నదే కొనండి. అందులో .38 స్పెషల్ హాయిగా కాలుతుంది. .38 అని మాత్రమే ఉన్నదాంట్లో .357 కాల్చకూడదు. ఇంకా, రివాల్వర్లకీ రైఫిల్‌కీ ఒకే తూటా ఉండాలని రూలేమీ లేదు. అయినా నేను ఉండాలనే అంటాను. పొద్దున్నే లోడింగ్ టేబుల్ దగ్గర టెన్షన్‌లో ఉంటారు, పక్కవాళ్ళు పలకరిస్తుంటారు, .44-40, .45 కోల్ట్ రెండూ సంచిలో ఉంటే ఒకదాంట్లో ఒకటి పోవడం ఖాయం. అలా ఇరుక్కున్న రైఫిళ్ళని నేను చూశాను.

ఇప్పుడు ఈ రైఫిల్ గురించి. నిజం చెప్పాలంటే ఈ వీడియో నేను చేస్తున్నది దీనికోసమే. ఉబెర్టి 1873, .357, ఇరవై అంగుళాల బ్యారెల్. నేను ఇంతకుముందు వాడింది 1892 నమూనా రైఫిల్. బ్రౌనింగ్ డిజైన్ చేసింది, చాలా బలమైన యాక్షన్, ఇంకా తేలిక. కానీ ఈ ఆటలో బలం ఎవరికి కావాలండి? కావలసింది వేగం. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తా. ఈ ఇత్తడి దిమ్మ చూడండి, దీన్ని క్యారియర్ అంటారు. నేను లివర్ నెమ్మదిగా కిందికి తోస్తున్నా. బోల్ట్ వెనక్కి వస్తోంది, చివర్లో ఈ దిమ్మ లిఫ్టులా నిట్టనిలువుగా పైకి లేస్తుంది. తూటా అందులో పడుకునే వస్తుంది, పక్కకి వంగదు, ముక్కు పైకెత్తదు. లివర్ పైకి లాగితే బోల్ట్ దాన్ని తిన్నగా ఛాంబర్‌లోకి తోసేస్తుంది. వినండి ఆ చప్పుడు. ఎక్కడా పట్టుకోవడం లేదు. 1892లో తూటా ఏటవాలుగా ఎక్కాలి, నా పాత రైఫిల్ లివర్‌ని అక్కడ ప్రతిసారీ కొంచెం గట్టిగా నొక్కాల్సి వచ్చేది. దీనికి రెండు వేళ్ళు చాలు.

మార్లిన్ 1894 రైఫిల్ కూడా మంచిదే, దాంట్లో ఖాళీ కేసు పక్కకి పోతుంది. 1873లో పైకి ఎగురుతుంది. ఒక్కోసారి టోపీ అంచు మీద పడుతుంది, కాబట్టి టోపీ పెట్టుకోవడం వేషం కోసమే అనుకోకండి.

ఈ రైఫిల్‌తో రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, తూటా పొడవు. ఈ క్యారియర్‌లో తూటా ముక్కుకి ఆనుకుని మేగజైన్‌లో, అంటే బ్యారెల్ కింద తూటాలు వరసగా ఉండే గొట్టంలో, రెండో తూటా అడుగు ఉంటుంది. మొదటి తూటా మరీ పొట్టిగా ఉంటే రెండోది క్యారియర్‌లోకి చొరబడుతుంది, దిమ్మ పైకి లేవదు. మరీ పొడుగైతే దీని ముక్కే మేగజైన్‌లోకి పొడుచుకుంటుంది, అప్పుడూ లేవదు. అందుకే ఏ .38 దొరికితే అది పెట్టె నిండా కొనేయకండి. ముందు ఒక చిన్న పెట్టె కొని పదేసి తూటాలు నింపి చూడండి. రెండోది, ఈ లివర్ దగ్గర చిన్న పిన్ను ఉంది, కనిపిస్తోందా? లివర్ పూర్తిగా మూసి పట్టుకుంటేనే ఇది లోపలికి పోయి ట్రిగ్గర్‌ని వదులుతుంది. తొందరలో లివర్ సగం మూసి ట్రిగ్గర్ లాగితే ఏమీ జరగదు. తుపాకీ పాడైందని కంగారుపడకండి, చేతిని పూర్తిగా మూయండి. షార్ట్ స్ట్రోక్ కిట్లు, తేలిక స్ప్రింగులు అని మీకు చాలామంది చెప్తారు. లివర్ తిరిగే దూరం తగ్గుతుంది, నిజమే. కానీ ఒక సీజన్ కాల్చి, మీ చెయ్యి అలవాటు పడ్డాక వాటి గురించి ఆలోచించండి.

రివాల్వర్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రూగర్ న్యూ వకేరో జత, .357. గేటు తెరిస్తే సిలిండర్ వదులవుతుంది, హ్యామర్ ముట్టుకోనక్కర్లేదు. లోపల ట్రాన్స్‌ఫర్ బార్ ఉంది, ట్రిగ్గర్ లాగితే తప్ప హ్యామర్ దెబ్బని తూటాకి చేరనివ్వదు, కాబట్టి ఆరు నింపినా ప్రమాదం లేదు, కానీ సాస్‌లో అందరూ ఐదే నింపాలి, హ్యామర్ కింద ఖాళీ గది ఉండాలి. కోల్ట్ నమూనా రివాల్వర్ కొంటే హ్యామర్‌ని సగం లాగి హాఫ్ కాక్‌లో పెట్టి ఒకటి నింపి, ఒకటి వదిలి, నాలుగు నింపి, హ్యామర్ పూర్తిగా లాగి మెల్లగా దించాలి. ఆ వరస చేతికి వచ్చేదాకా ఇంట్లో డమ్మీ తూటాలతో సాధన చేయండి. కోల్ట్ నమూనా అందంగా ఉంటుంది, చేతిలో బాగా కూర్చుంటుంది. మొదటి జతకి మాత్రం నేను వకేరోనే చెప్తాను, స్ప్రింగులు ఏళ్ళ తరబడి విరగవు.

ఇక షాట్‌గన్. మా పెదనాన్నగారింట్లో పంట కాపలా లైసెన్సు మీద 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉండేది, మనలో చాలామందికి ఆ తుపాకీ గుర్తుండే ఉంటుంది. అందుకే మనవాళ్ళు ఇక్కడ కూడా అదే చాలని మిగతా మూడు చూసుకున్నాక ఏదో ఒకటి కొనేస్తారు. ఈ టేబుల్ మీదున్నది, కంపెనీ పేరు చెప్పను, నాకు బాగా చిరాకు తెప్పించింది. కొత్త తుపాకీ, ఛాంబర్లు గరుకుగా ఉన్నాయి. కాల్చాక మడిచి వెనక్కి కుదిపితే ఖాళీ షెల్స్ రెండూ జారి పడాలి. ఒకటి పడుతుంది, ఒకటి గోరు పెట్టి పీకాలి. టైమర్ నడుస్తోంది! నాలుగు పలకలకి రెండుసార్లు ఇలా పీకితే రైఫిల్‌తో మిగుల్చుకున్న టైమంతా ఇక్కడే పోతుంది. పైగా మడిచిన ప్రతిసారీ సేఫ్టీ దానంతటదే పడిపోతోంది. అది తీయకుండా ట్రిగ్గర్ లాగితే ఇంకో సెకను పోయినట్టే. డబుల్ బ్యారెల్ కొనేముందు షాపులోనే ఈ రెండూ చూడండి. ఖాళీ షెల్స్ మీరే పట్టుకెళ్ళి వేసి, కుదిపి చూడండి. ఛాంబర్లు నున్నగా చేయించడానికి గన్‌స్మిత్ దగ్గరకి ముందే పంపండి. షెల్స్ కూడా గీతలు లేని నున్నటి పొట్టు ఉన్నవి, తక్కువ కిక్ ఉన్నవి తీసుకోండి. 1897 పంప్ షాట్‌గన్ ఉంది కదా అంటారు. బ్రౌనింగ్ డిజైనే, మంచి తుపాకీ. కానీ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని పంప్ చేస్తే మూసీ మూయగానే పేలుతుంది. మొదటి ఏడాది ఆ తుపాకీ వద్దండి.

షాపు వాళ్ళకి రేపు మూడు తుపాకులు వెనక్కి ఇచ్చేస్తున్నాను. డబుల్ బ్యారెల్ గురించి ఇదంతా వాళ్ళకి కూడా చెప్పాను. రైఫిల్ మాత్రం ఇవ్వట్లేదు, దానికి డబ్బు కట్టేశాను, నా పాత 1892 అమ్మకానికి పెట్టేశాను. మీ దగ్గర .45 సెట్ ఉండి బాగా నడుస్తుంటే మీరు ఏ మందు, ఎన్ని గ్రెయిన్లు వాడుతున్నారో కామెంట్‌లో రాయండి, చదువుతాను. వచ్చే వీడియోలో .38 రీలోడింగ్ ప్రెస్ మొదటి నుంచి బిగించి చూపిస్తాను. ఉంటానండి.