మొదటి పెద్ద వెండి నాణెం కొనే ముందు

నమస్తే అండి. 1918 ఏప్రిల్‌లో అమెరికా పిట్‌మన్ చట్టం అని ఒకటి చేసింది. దాని కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించేశారు. ఆ వెండిలో చాలా భాగం వచ్చింది మన దేశానికే. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జనం కాగితం నోట్లు ఇచ్చేసి వెండి రూపాయలు ఇమ్మని అడుగుతున్నారు. ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర వెండి అడుగంటుతోంది. అందుకే అమెరికా నుంచి వెండి కొని తెచ్చి రూపాయలు కొట్టారు. మీ అమ్మమ్మ పెట్టెలో ఐదో జార్జి బొమ్మతో 1919 నాటి రూపాయి ఉంటే, అందులో ఆ డాలర్ల వెండి ఉన్నా ఉండొచ్చు.

విదేశీ పెద్ద వెండి నాణేలు సేకరించాలనుకునే కొత్తవాళ్లకు ఇదే ఎందుకు ముందు చెబుతున్నానంటే, ఎన్ని కొట్టారు, ఎన్ని మిగిలాయి అనేవి రెండు వేర్వేరు లెక్కలు. కరిగించిన డాలర్లలో ఏ సంవత్సరానివి ఎన్ని పోయాయో ఎవరూ రాసిపెట్టలేదు. కేటలాగ్‌లో పెద్ద అంకె కనిపించినా నాణెం అరుదుగా దొరకొచ్చు. అంకె చిన్నదైనా మూటలుగా బయటపడొచ్చు. కాబట్టి “ఇది రేర్ సార్” అని ఎవరైనా అన్నప్పుడు ఆ ఒక్క మాట మీద డబ్బు పెట్టకండి. అదే సంవత్సరం, అదే టంకశాల గుర్తు (నాణెం ఎక్కడ కొట్టారో చెప్పే చిన్న అక్షరం), అదే స్థితి ఉన్న నాణెం వేలంలో ఇటీవల ఎంతకు పోయిందో చూడండి. అడిగే ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర. పెద్ద వేలం సంస్థలు పాత ఫలితాలను ఆన్‌లైన్‌లో ఉంచుతాయి, కాస్త ఓపికగా వెతికితే దొరుకుతాయి.

పెద్ద నాణెం అంటే ఏదని అడుగుతారు. సుమారుగా 25 నుంచి 30 గ్రాముల బరువు, 37 నుంచి 41 మిల్లీమీటర్ల వ్యాసం. మన షాపుల్లో 10 గ్రాముల తులం లెక్క వేస్తే రెండున్నర తులాలకు పైమాటే. ఫ్రాన్స్ 5 ఫ్రాంకులు 25 గ్రాములు, అమెరికా మోర్గాన్ డాలర్ 26.73 గ్రాములు, మెక్సికో 8 రియాలెస్ 27.07 గ్రాములు. ఇలాంటి నాణెం అరచేతిలో పెట్టుకుంటే ఆ బరువు, ఆ చెక్కడం మనసు పట్టేస్తాయి. అందుకే చాలామంది తొందరపడి కొనేస్తారు కూడా.

మొదటి నాణెంగా నేను చెప్పేది మరియా థెరిసా థాలర్ అనే వెండి నాణెం. ఆవిడ ఆస్ట్రియా మహారాణి, 1780లో చనిపోయారు. థాలర్ మీద సంవత్సరం మాత్రం ఆ 1780 దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే ఇథియోపియా, యెమెన్ లాంటి చోట్ల వర్తకులు ఆ బొమ్మ, ఆ సంవత్సరం ఉన్న నాణేన్ని తప్ప మరొకదాన్ని నమ్మలేదు. దాంతో వియన్నాలో తరతరాలుగా అదే అచ్చుతో కొడుతూ వచ్చారు. 1935లో ముస్సోలినీ ఇథియోపియా మీద దాడికి దిగే వేళ ఆ అచ్చులను ఇటలీ తీసుకుంది. తర్వాత బ్రిటన్, ఫ్రాన్స్ కూడా సొంతంగా కొట్టడం మొదలుపెట్టాయి. 1940, 41లో మన బొంబాయి టంకశాల కూడా కొట్టింది. ఆస్ట్రియా రాణి బొమ్మతో, 1780 సంవత్సరంతో బొంబాయిలో తయారైన నాణెం! నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

కొత్తవాళ్లకు ఇది ఎందుకు మంచిదంటే, కోట్ల సంఖ్యలో ఉంది కాబట్టి అదే అచ్చుతో తర్వాత కొట్టిన మామూలు నాణేలు వెండి విలువకు మరీ దూరం పోవు. లెక్క మీరే వేసుకోవచ్చు. బరువు 28.07 గ్రాములు, వెయ్యికి 833 పాళ్లు వెండి. అంటే స్వచ్ఛమైన వెండి 23.39 గ్రాములు. ఆ రోజు గ్రాము ధరతో గుణించండి. అడిగే ధర ఆ అంకెకు ఎంత పైన ఉందో అప్పుడు తెలుస్తుంది. “1780 నాటి ఒరిజినల్ అండి, 240 ఏళ్ల పాతది” అని చెప్పి ఎవరైనా నాలుగింతలు అడిగితే ఆగండి. సంవత్సరం ఏదీ రుజువు చేయదు. రాణి భుజం మీది బ్రూచ్‌లో ముత్యాలు, వెనక వైపు గద్ద తోక ఈకలు, అంచు మీది అక్షరాలు, వీటిని పోల్చి ఏ టంకశాల, ఏ కాలం అని నిర్ణయిస్తారు. ఆ పోలికలు నేర్చుకోవడమే అసలు చదువు. ఒక్క రకం మీద ఇలా కన్ను అలవాటైతే మిగతావన్నీ సులువవుతాయి.

ఇక రెండో నాణెం కావాలంటే 1921 మోర్గాన్ డాలర్. కరిగించిన డాలర్లకు బదులు మళ్లీ కొట్టాలని మొదట చెప్పిన పిట్‌మన్ చట్టంలోనే ఉంది. అందుకే ఆ ఒక్క ఏడాది ఫిలడెల్ఫియా టంకశాలలోనే 4.4 కోట్లకు పైగా కొట్టారు. తక్కువ ధరకు దొరుకుతుంది, మన కథతో ముడిపడింది. అదే మోర్గాన్‌లో 1893 శాన్ ఫ్రాన్సిస్కో నాణెం లక్ష మాత్రమే. దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. మామూలు నాణెం మీద టంకశాల గుర్తు అతికించి, దాన్ని అరుదైనదిగా అమ్మేవాళ్లు ఉన్నారు.

బ్రిటిష్ ట్రేడ్ డాలర్ గురించి చాలామంది అడుగుతుంటారు. 1895 నుంచి 1935 వరకు, ఎక్కువగా బొంబాయిలో, కొంత కలకత్తాలో, హాంకాంగ్, మలయా వైపు వ్యాపారం కోసం కొట్టారు. నాణెం మీద నిలబడ్డ బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి) త్రిశూలం మధ్య ముల్లు మీద చిన్న బి అక్షరం ఉంటే బొంబాయిది. చాలా అందమైన నాణెం, నాకూ ఎంతో ఇష్టం. కానీ నకిలీలు విపరీతం. సంతల్లో, రోడ్డు పక్కన దీన్ని కొనకండి. నాణెం అసలుదా, ఏ స్థితిలో ఉంది అని తేల్చే పేరున్న గ్రేడింగ్ సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసిందైతేనే తీసుకోండి, పెట్టె మీది నంబర్‌ను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. చైనా అధ్యక్షుడు యువాన్ షికాయ్ బొమ్మ ఉన్న డాలర్‌కూ ఇదే మాట.

నకిలీని ఇంట్లోనే కొంతవరకు పట్టొచ్చు. పాయింట్ తర్వాత రెండు అంకెలు చూపించే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. నాణెం బరువు, వ్యాసం కేటలాగ్‌తో సరిపోవాలి. అయస్కాంతానికి అంటుకుంటే కథ అక్కడితో అయిపోయినట్టే, అంటుకోకపోతే మాత్రం అసలుదని అర్థం కాదు. ఇత్తడి, రాగి కూడా అంటుకోవు. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా చూపించేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. మోర్గాన్ డాలర్ అయితే కాటా మీద 2.6 గ్రాముల దగ్గర చూపించాలి. రాగి నికెల్ మిశ్రమంతో అదే బరువు తెచ్చినదైతే 3 గ్రాములు చూపిస్తుంది. ఆ తేడా కంటికి కనపడదు, కాటాకి కనపడుతుంది.

మరో రకం మోసానికి నకిలీ కూడా అక్కర్లేదు. చర్చిల్ బొమ్మతో బ్రిటన్ 1965లో కొట్టిన క్రౌన్ అనే నాణెం పెద్దగా, తెల్లగా మెరుస్తుంది. అందులో వెండి చుక్క కూడా లేదు. 1951 క్రౌన్ కూడా అంతే. బ్రిటన్ 1920లో నాణేల్లో వెండిని సగానికి తగ్గించి, 1947లో మామూలు నాణేల నుంచి పూర్తిగా తీసేసింది. సంవత్సరం చూడకుండా “బ్రిటిష్ వెండి” అంటే నమ్మకండి.

కొన్నాక మీకు ఒక విన్నపం. దయచేసి కడగొద్దు. పండక్కి వెండి కుందులు తోమినట్టు చింతపండు, విభూతి, పళ్లపొడి పెట్టి నాణేన్ని తోమితే దాని నిగారింపు శాశ్వతంగా పోతుంది, ధర కూడా బాగా పడిపోతుంది. నల్లబడింది అలాగే ఉండనివ్వండి. మెత్తటి పీవీసీ కవర్లలోనూ పెట్టకండి, ఏళ్లు గడిచాక ఆకుపచ్చ జిగురు పట్టేస్తుంది.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉండి చూస్తున్న మనవాళ్లకు ఒక మాట. ఇక్కడికి తెచ్చేటప్పుడు బిల్లు దగ్గర పెట్టుకుని కస్టమ్స్‌లో చెప్పండి. ఇక్కడ కొని బయటికి తీసుకెళ్లడం వేరే సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కింద లెక్క, దాన్ని దేశం దాటించడం నేరం. తాతగారి పెట్టెలోదైనా సరే, సూట్‌కేసులో వేసుకుని వెళ్లకండి.