గురక ఆగితే భయపడాలి

శ్రోతలకు నమస్కారం.

గురక అనగానే మనకి ముందు నవ్వొస్తుంది. పెళ్ళింట్లో హాలు నిండా వరసగా పరుపులేసుకుని పడుకున్న మర్నాడు, పెదనాన్నగారి గురక మీద జోకులు లేకుండా కాఫీలు పూర్తికావు. కానీ ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, పది ఇరవై సెకన్లు ఏ చప్పుడూ లేక, తర్వాత నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి గుటుక్కున ఊపిరి తీస్తే మాత్రం అది జోకు కాదు. డాక్టర్లు దాన్ని స్లీప్ అప్నియా అంటారు.

నేను పళ్ళ డాక్టర్ని. గురకతో నీకేం పని అంటారా? ఒక కేసు చెబుతాను.

కొన్నేళ్ళ కిందట ఒక లారీ డ్రైవరు దవడపన్ను విరిగిందని వచ్చాడు. కుర్చీ వెనక్కి వాల్చి, నేను గ్లోవ్స్ తొడుక్కునేలోపే గురక మొదలైంది. లేపి నోరు తెరిపిస్తే పళ్ళన్నీ తిరగలి పట్టినట్టు చదునుగా అరిగిపోయి ఉన్నాయి, నిద్రలో కొరుకుతున్నాడన్నమాట. నాలుక అంచులు కజ్జికాయ అంచులా నొక్కులు నొక్కులుగా ఉన్నాయి. కొండనాలుక అసలు కనబడనే లేదు. పక్కనే ఉన్న భార్యని అడిగాను. "ఎక్కడ కూర్చున్నా కునుకేనండీ. రాత్రిపూట ఊపిరి ఆగిపోతుంది. భయమేసి నేనే తట్టి లేపుతుంటాను" అంది. పన్ను నొప్పికి మందు రాసిచ్చి, ముందు స్లీప్ టెస్ట్‌కి పంపించాను. హైవే మీద లారీ నడిపే మనిషికి కునుకంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

లోపల జరిగేది ఇదీ. నిద్రపోయాక గొంతు కండరాలు వదులవుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. గాలి దారి ఇరుకైతే గురక, పూర్తిగా మూసుకుంటే ఊపిరి బంద్. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు మనిషిని కాస్త కదిలించి లేపుతుంది. ఇలా రాత్రంతా లేస్తున్నట్టు ఆ మనిషికే తెలీదు. ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున్న తలనొప్పి, పగలంతా మత్తు, కొందరికి మందులకి లొంగని బీపీ.

ఇక్కడ ఒక తెలుగాయన్ని తలుచుకోవాలి. డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు గారు. గుంటూరు జిల్లా నుంచి వెళ్ళి అమెరికాలో, బోస్టన్‌లో మత్తు డాక్టరుగా పనిచేశారు. ఆపరేషన్‌కి ముందు గొంతులో గొట్టం వేయడం ఎవరికి కష్టమవుతుందో ముందే పసిగట్టే ఉపాయం ఒకటి 1985లో ప్రచురించారు. మనిషిని కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక చాపమనడం, అంతే. కొండనాలుక ఎంత కనిపిస్తే అంత సులువు. ఇప్పుడు ఎన్నో దేశాల డాక్టర్ల నోట మల్లంపాటి అనే మాట నలుగుతుంది, అది మనింటి పేరని వాళ్ళలో చాలామందికి తెలీకపోవచ్చు. ఆయన మత్తు కోసం కనిపెట్టిన ఆ చూపే ఇప్పుడు అప్నియాని అనుమానించడానికీ పనికొస్తోంది. నోరు తెరిపించడం మాకు రోజూ ఉండే పనే కాబట్టి, కాస్త టార్చి లోపలికి వేస్తే చాలు. నా డ్రైవరుకి గట్టి అంగిలి తప్ప ఏమీ కనబడలేదు.

అయితే నోరు చూసి జబ్బు తేల్చేయకూడదు. తేల్చాల్సింది స్లీప్ టెస్ట్, చెప్పాల్సింది నిద్ర జబ్బుల డాక్టరు. ఊపిరి పది సెకన్లకి తగ్గకుండా ఆగడమో, బాగా పడిపోవడమో గంటకి ఎన్నిసార్లో లెక్కపెడతారు. 5 నుంచి 15 అయితే స్వల్పం, 30 దాకా మధ్యరకం, ఆపైన తీవ్రం. మా డ్రైవరుకి 24 వచ్చింది.

అన్నిటికన్నా బలమైన చికిత్స సీపాప్ మెషిన్. ముక్కుకి మాస్కు పెట్టి గాలిని ఒత్తిడితో పంపుతుంది. ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ 1981లో లోకానికి చెప్పిన పద్ధతి. తీవ్రమైన జబ్బుకి మొదట అదే. కానీ చాలామంది నాలుగు రాత్రులు పెట్టుకుని అటక మీద పడేస్తారు. మా డ్రైవరుకి లారీ క్యాబిన్లో దాన్ని నడిపే వీలే లేదు.

అప్పుడు మా పని మొదలవుతుంది. మీరిప్పుడే ఒకటి చేసి చూడండి. నోటితో గురక చప్పుడు చేయండి. ఇప్పుడు కింది పళ్ళు పై పళ్ళకన్నా ముందుకి వచ్చేలా దవడ తోసి, మళ్ళీ చేయండి. కష్టంగా ఉంది కదూ? స్పృహ లేని మనిషికి ఊపిరాడేలా దవడని ముందుకు ఎత్తిపట్టేది కూడా ఇందుకే. మేం చేసే పరికరం రాత్రంతా ఆ పనే చేస్తుంది. పై పళ్ళకీ కింది పళ్ళకీ కొలతలు తీసి రెండు తొడుగులు చేయిస్తాం. రెండూ కలిసే చోట మర ఉంటుంది. దాన్ని కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తిప్పుతూ దవడని ముందుకు తెస్తాం. ఒక్కసారిగా లాగితే దవడ కీలు ఊరుకోదు.

మొదట్లో లాలాజలం కారుతుంది, పొద్దున్నే దవడ పట్టేసినట్టు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళు కొంచెం జరిగి పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు మారొచ్చు, అందుకే ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. పళ్ళు కదులుతున్నవాళ్ళకీ, మొత్తం కట్టుడు పళ్ళున్నవాళ్ళకీ ఇది కుదరదు. ఆన్‌లైన్లో వేడినీళ్ళలో ముంచి కొరికే రకం చవగ్గా దొరుకుతుంది. నేనైతే వద్దంటాను. గురక తగ్గినట్టు వినిపించి, లోపల ఊపిరి ఆగుతూనే ఉండొచ్చు. అందుకే పరికరం పెట్టుకుని మళ్ళీ ఒకసారి టెస్ట్ చేయించాలి.

పిల్లలు గురక పెడుతుంటే దారి వేరు. ముందు ఈఎన్‌టీ డాక్టరు టాన్సిల్స్ చూడాలి. అంగిలి ఇరుగ్గా ఉంటే, దాన్ని వెడల్పు చేసే క్లిప్పు మేం వేస్తాం.

మా డ్రైవరుకి రెండో టెస్ట్‌లో 7 వచ్చింది. విరిగిన పన్నుకి అప్పుడు తొడుగు వేశాను. ఆయన భార్య మాత్రం కొత్త గోడు చెప్పుకుంది. "ఇప్పుడు నాకే నిద్ర పట్టట్లేదు డాక్టరుగారూ. చప్పుడు లేకపోతే ఊపిరుందో లేదోనని లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాను."

సెలవు.