మార్షల్ ఓడాడు సరే, మార్షల్ ఎటాక్ ఓడిందా?

చెస్‌లో రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) గురించి మాట్లాడితే చాలు, అందులో నలుపు ఒక బంటును వదులుకుని దాడికి దిగే మార్షల్ ఎటాక్ గురించి ఎవరో ఒకరు అనేస్తారు: "మార్షల్ ఎటాక్ పనికిరాదని కాపాబ్లాంకా 1918లోనే తేల్చేశాడు కదా!" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

(బోర్డు: 8వ ఎత్తు, నలుపు బంటు డి5)

న్యూయార్క్, 1918 అక్టోబర్. తెలుపు క్యూబా ఆటగాడు కాపాబ్లాంకా, నలుపు అమెరికన్ ఆటగాడు మార్షల్. మార్షల్ డి5 ఆడి (బంటును డి5 గడికి జరిపి) ఈ5 గడిలోని తన బంటును వదిలేశాడు. ఎందుకు? చీటీ పాట తెలుసు కదా. లక్ష చీటీని ఎనభై వేలకే పాడుకుంటారు. ఇరవై వేలు పోయినా డబ్బు ఇప్పుడే చేతికొస్తుంది. బంటు పోగొట్టుకుని మార్షల్ పాడుకున్నది టైమ్, అంటే ఎదుటివాడి కంటే ముందే దాడికి దిగే వీలు. తెల్ల గుర్రం ఈ5 బంటును కొట్టింది, నల్ల గుర్రం దాన్ని కొట్టింది, ఆ నల్ల గుర్రాన్ని తెల్ల ఏనుగు (రూక్) కొట్టి నడిబోర్డులో నిలబడింది. తెలుపు ఇంకో ఏనుగు, ఒక గుర్రం, ఒక బిషప్ పుట్టింటి నుంచి కదలనే లేదు.

1909 మ్యాచ్‌లో కాపాబ్లాంకా చేతిలో 8-1 తేడాతో ఓడాక మార్షల్ దీన్ని తొమ్మిదేళ్లు దాచాడని కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది, నాకు మాత్రం నమ్మబుద్ధి కాదు.

(బోర్డు: 15వ ఎత్తు)

ఇక్కడ చూడండి. నల్ల గుర్రం ఎఫ్2 బంటును కొట్టింది. మనమైతే వెంటనే క్వీన్‌తో ఆ గుర్రాన్ని కొట్టేస్తాం. కొడితే బిషప్ హెచ్2లో చెక్, రాజు ఎఫ్1కి, బిషప్ జీ3కి. క్వీన్ పారిపోవాలి, రాజు మీద దాడి ఆగదు. కాపాబ్లాంకా గుర్రాన్ని ముట్టుకోలేదు. ఏనుగును ఈ2కి జరిపాడంతే! ఎదుటివాడు ఇంట్లో కూర్చుని తయారుచేసుకొచ్చిన దాడికి బోర్డు ముందే జవాబు వెతకడం... ఆ గుండె నిబ్బరానికి దండం పెట్టాలి.

తర్వాత తెల్ల రాజు ఈ2, డి3, సి2 అంటూ నడిచి తప్పించుకున్నాడు. చీటీ డబ్బు ఖర్చయిపోయింది, వాయిదాలు మిగిలాయి. 36 ఎత్తుల్లో తెలుపు గెలిచింది.

అయితే చీటీ పాడటం తప్పా? కాదు, డబ్బు వాడిన తీరు తప్పు. 11వ ఎత్తులో మార్షల్ గుర్రాన్ని ఎఫ్6కి వెనక్కి లాగాడు. ఇప్పుడు అందరూ అక్కడ సి6 ఆడతారు. గుర్రం డి5లోనే ఉంటుంది, తర్వాత బిషప్ డి6కి వచ్చి ఏనుగును తరుముతుంది, క్వీన్ హెచ్4కి వెళ్తుంది. బంటు పోయినా నలుపుకి ఆట ఉంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. తెలుపు ఆడే పెద్ద పెద్దవాళ్లే చాలామంది 8వ ఎత్తులో ఎ4 గానీ హెచ్3 గానీ ఆడి, అసలు ఈ పాటే జరగనివ్వరు. 1993 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో షార్ట్ మీద కాస్పరోవ్ ఆడింది ఆ ఎ4నే. చచ్చిన ఓపెనింగ్‌కి అంత భయం ఎందుకండీ? ఎ4 మీద వీడియో విడిగా చేస్తాను.