క్రూయిజ్‌కి ఏం సర్దుకోవాలి: వాడినవి, వాడనివి, ఓడవాళ్ళు తీసేసుకున్నది

నమస్తే అండీ. ముందు ఈ మంచం వైపు చూడండి. ఎడమవైపు కుప్పలో ఉన్నవి ఓడలో రోజూ వాడినవి. మధ్యలో ఉన్నవి పెట్టెలో ఎలా వెళ్ళాయో మడత నలగకుండా అలాగే తిరిగొచ్చినవి. అదే పెద్ద కుప్ప, చూస్తున్నారుగా. కుడివైపు కుప్పేం లేదు, ఒక్కటే వస్తువు. ఈ ఎక్స్‌టెన్షన్ బాక్సు. దీన్ని ఓడలో నేను ఒక్క రోజు కూడా వాడలేదు. మొదటి రోజే తీసేసుకున్నారు.

ఇప్పటికి రెండు క్రూయిజ్‌లు చేశాను. మొదటిది కరీబియన్ దీవుల వైపు, 7 రాత్రులు. రెండోది అలాస్కా. మొదటిదానికి పెట్టె సర్దడానికి వారం పట్టింది, రెండోదానికి ఒక సాయంత్రం సరిపోయింది. ఈ వీడియోలో చెప్పేదంతా ఆ తేడా గురించే.

ఈ ఎక్స్‌టెన్షన్ బాక్సుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నా మొదటి రోజు కష్టాలన్నిటికీ మూలం ఇదే. క్యాబిన్‌లో ప్లగ్ పాయింట్లు తక్కువ. పాత ఓడల్లో అయితే అద్దం దగ్గర ఒకటో రెండో ఉంటాయి, అంతే. అది తెలుసు కాబట్టి తెలివిగా ఆరు సాకెట్ల బాక్సు పెట్టుకున్నాను. దగ్గరగా చూపిస్తాను, ఈ చిన్న లైటు కింద ఏం రాసుందో చూడండి. సర్జ్ ప్రొటెక్టర్. కరెంటు ఒక్కసారిగా పెరిగితే వస్తువులు కాలిపోకుండా ఆపేది అన్నమాట. కొంప ముంచింది ఆ రెండు మాటలే.

ఇంట్లో వైరింగ్‌లో రెండు తీగల్లో ఒకటి న్యూట్రల్, దాన్ని భూమికి కలిపి ఉంచుతారు. ఓడల్లో చాలావరకు అలా ఉండదు. రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. సర్జ్ ప్రొటెక్టర్‌ని ఇంటి వైరింగ్‌ని బట్టి తయారుచేస్తారు. ఓడలో అది కాపాడకపోగా, లోపల వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. 2013లో అమెరికా కోస్ట్ గార్డ్ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. అందుకే పెద్ద కంపెనీలన్నీ దీన్ని వద్దంటాయి. కొన్ని కంపెనీలు సర్జ్ లేని మామూలు ఎక్స్‌టెన్షన్ కూడా ఒప్పుకోవు. మరి ఫోన్లెలా ఛార్జ్ చేసుకోవాలి అంటారా? ఇదిగో, నాలుగు యూఎస్‌బీ పోర్టులున్న ఛార్జర్. అరచేతిలో పట్టేస్తుంది. అలాస్కా ట్రిప్పులో ఇదొక్కటే తీసుకెళ్ళాను, ఎవరూ ఏమీ అనలేదు.

ఇస్త్రీ పెట్టె, కెటిల్, కొవ్వొత్తులు, నీళ్ళు కాచే రాడ్డు, ఇవన్నీ కూడా ఇంట్లోనే వదిలేయండి. మరీ చాదస్తం అనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది. కానీ 2006 మార్చిలో జమైకా వైపు వెళ్తున్న స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో రాత్రిపూట బాల్కనీల దగ్గర మంటలు లేచాయి. సరిగా ఆర్పని సిగరెట్టే కారణం అయి ఉంటుందని దర్యాప్తులో తేలింది. వరసగా ఎన్నో క్యాబిన్లు కాలిపోయాయి, ఒకరు చనిపోయారు. నడిసముద్రంలో ఫైరింజన్ రాదు. ఉన్న సిబ్బందే ఆర్పుకోవాలి. అది తెలిశాక ఇస్త్రీ పెట్టె గురించి వాదించాలనిపించలేదు.

ఇప్పుడు అసలు కథ. పోర్టుకి చేరగానే పెద్ద పెట్టెలు పోర్టర్లకి ఇచ్చేస్తాం. అవి స్కానింగ్ అయ్యి, మన క్యాబిన్ గుమ్మం దగ్గరికి వస్తాయి. ఎప్పుడొస్తాయి అంటే, ఎవరూ చెప్పలేరు. మధ్యాహ్నం రావచ్చు, రాత్రి భోజనం అయ్యాక రావచ్చు. నా పెట్టెలో ఈ బాక్సు ఉంది కాబట్టి దాన్ని పక్కకి తీసి సెక్యూరిటీ గదిలో పెట్టారు. ఆ సంగతి నాకు తెలీదు.

మొదటి మధ్యాహ్నం ఓడలో స్విమ్మింగ్ పూల్ దాదాపు ఖాళీగా ఉంటుంది. సగం మంది ఇంకా ఎక్కుతూనే ఉంటారు. వారం మొత్తంలో పూల్ అంత ఖాళీగా దొరికేది అప్పుడే. నేనేమో జీన్స్ ప్యాంటు, బూట్లతో ఒడ్డున కూర్చుని చూస్తున్నాను. స్విమ్మింగ్ బట్టలు పెట్టెలో. తలనొప్పి మాత్రలు పెట్టెలో. ఫోన్ ఛార్జర్ కూడా పెట్టెలోనే. రాత్రి తొమ్మిదిన్నర దాటాక సెక్యూరిటీ గదికి వెళ్ళి, అక్కడ నా పెట్టె నేనే తెరిచి, ఈ బాక్సు తీసి వాళ్ళ చేతికిచ్చి, రసీదు తీసుకుని వచ్చాను. దొంగతనం చేసి దొరికిపోయినట్టు అనిపించింది, నిజంగా.

కాబట్టి ఎడమవైపు కుప్పలో మొదటి స్థానం ఈ చిన్న బ్యాక్‌ప్యాక్‌కి ఇస్తాను. దీన్ని ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఇందులో పాస్‌పోర్టు, వీసా కాగితాలు, ఇన్సూరెన్స్ కాగితం, బోర్డింగ్ పాస్, ఛార్జర్, స్విమ్మింగ్ బట్టలు, సాయంత్రానికి ఒక జత మంచి బట్టలు ఉంటాయి. మందులన్నీ ఇందులోనే. వారానికి సరిపడా మాత్రమే కాదు, ఇంకో రెండు మూడు రోజులవి అదనంగా పెట్టండి. వాతావరణం బాగోకపోతే ఓడ ఆలస్యంగా తిరిగి రావచ్చు.

పాస్‌పోర్టు అన్నాను కాబట్టి ఒక మాట. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా కనీసం ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. ఇంకోటి, ఓడ ఒక దేశంలో బయల్దేరి, మధ్యలో వేరే దేశానికి వెళ్ళి, మళ్ళీ మొదటి దేశానికే తిరిగొస్తే, మీరు ఆ దేశంలోకి రెండుసార్లు ప్రవేశించినట్టే. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే ఇరుక్కుపోతారు. టికెట్ కొనేటప్పుడే ఇది చూసుకోవాలి.

తర్వాత ఇవి. మ్యాగ్నెట్ హుక్కులు. క్రూయిజ్ వీడియోలు చేసే ప్రతివాళ్ళూ వీటిని తెగ పొగుడుతారు, నేను కూడా కొంతవరకు పొగుడుతాను. క్యాబిన్ గోడలు చాలా ఓడల్లో ఉక్కువే. అతుక్కుంటాయి. టోపీ, మెడలో వేసుకునే కార్డు తాడు, తడి స్విమ్మింగ్ బట్టలు, అన్నీ తగిలించుకోవచ్చు. కానీ ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. చూడండి, ప్యాకెట్ మీద 10 కిలోలు అని ఉంది. ఇప్పుడు ఈ ఫ్రిజ్ తలుపు మీద పెట్టి, రెండు కిలోల సంచి తగిలిస్తాను. చూస్తూ ఉండండి. జారుతోందా? మెల్లగా... అదిగో, కింద పడింది. ప్యాకెట్ మీద రాసేది అయస్కాంతాన్ని నేరుగా లాగితే ఎంత బరువుకి ఊడుతుందో ఆ లెక్క. నిలువు గోడ మీద బరువు కిందికి లాగుతుంది, అప్పుడు ఆపేది రాపిడి మాత్రమే. రాసిన దాంట్లో ఐదో వంతు మోస్తే గొప్ప. నాలుగైదు హుక్కులు చాలు, తేలికపాటివి తగిలించండి. కెమెరా మాత్రం వద్దు.

ఈ బుల్లి బ్యాటరీ లైటు చూశారా? కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకుంటే ఇది తప్పనిసరి. లైటు ఆపితే అక్కడ పగలో రాత్రో కూడా తెలీదు. పైగా బాత్రూమ్ గుమ్మం కాస్త ఎత్తుగా ఉంటుంది. నా కుడికాలి బొటనవేలికి ఆ సంగతి మొదటి రాత్రే తెలిసింది.

ఇక మధ్య కుప్ప. సిగ్గుగా ఉంది కానీ చూపిస్తాను. నాలుగు జతల చెప్పులు, బూట్లు. రెండు జతలే వాడాను: ఒడ్డున దిగి నడవడానికి ఒకటి, డెక్ మీదికి ఒకటి. రెండు పెద్ద తువ్వాళ్ళు. ఓడలో పూల్ దగ్గర తువ్వాళ్ళు వాళ్ళే ఇస్తారు, బీచ్‌కి కూడా అవే తీసుకెళ్ళొచ్చు. పోగొడితే మాత్రం బిల్లులో వేస్తారు. హెయిర్ డ్రయ్యర్, క్యాబిన్‌లో ఉంది. లావు పుస్తకాలు మూడు. ఒకటి పదహారో పేజీ దాకా వచ్చాను. సముద్రం కనబడుతుంటే పుస్తకం చదవడం నా వల్ల కాదు.

ఈ సూట్ సంగతి చెప్పాలి. ఫార్మల్ నైట్, అంటే అందరూ సూట్లు, ఖరీదైన బట్టలు వేసుకుని భోజనానికి వచ్చే రాత్రి, అందరికీ టెన్షనే. నిజానికి అది కంపెనీని బట్టి ఉంటుంది. క్యూనార్డ్ లాంటి కంపెనీల ఓడల్లో ఇలాంటి సాయంత్రాలు, వాళ్ళు గాలా అంటారు, గట్టిగానే పాటిస్తారు. నార్వీజియన్ కంపెనీ ఓడల్లో సూటు వేసుకోమని ఎవరూ అడగరు. మిగతావి ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. మీ ఓడ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాలు చూస్తే రెండు కిలోల బరువు తగ్గుతుంది. నేను చూడలేదు, వారం పాటు సూటు హ్యాంగర్‌కి వేలాడి ఇంటికొచ్చింది.

కరీబియన్ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక విషయం. మిలిటరీ మచ్చల బట్టలు, అదే కామోఫ్లాజ్, పెట్టుకోవద్దు. బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియా, ట్రినిడాడ్ లాంటి దేశాల్లో మామూలు జనం అవి వేసుకోవడం చట్టప్రకారం నేరం. బార్బడోస్‌లో పిల్లల బట్టలకి కూడా ఇదే రూలు. నేను ఫ్యాషన్ కదా అని ఒక షార్ట్స్ పెట్టుకున్నాను. అదృష్టం కొద్దీ ఓడ దిగే ముందే ఒకరు చెప్పారు.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు వెనక లేబుల్ చూడండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అని ఉంటే పక్కన పెట్టండి. పగడపు దిబ్బలకి హాని అని హవాయిలో 2021 జనవరి నుంచి అవి ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం ఆపేశారు. పసిఫిక్ సముద్రంలోని పలావ్ అనే చిన్న దీవుల దేశంలో 2020 నుంచే నిషేధం.

కడుపులో తిప్పడం గురించి కామెంట్లలో ఎక్కువమంది అడిగారు. పెద్ద ఓడలకి రెండు వైపులా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, ఊగడం బాగా తగ్గిస్తాయి. అయినా కొందరికి పడదు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి అన్నదే ఇక్కడ ముఖ్యం. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు. మెక్లిజైన్ లాంటివి గంట ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించే స్కోపోలమైన్ పట్టీ అయితే కనీసం నాలుగు గంటల ముందు, ఒకటి మూడు రోజులు పనిచేస్తుంది. అది అంటించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ మందు కంట్లో పడితే కనుపాప పెద్దదై చూపు మసకబారుతుంది. ఏది వాడినా ముందు డాక్టర్ని అడగండి, అందరికీ పడే మందులు కావివి. చేతులు కడుక్కోవడం అన్నాను కదా, ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్ళే.

ఈ పాత చేతి గడియారం ఎందుకు ఉందో చెప్తాను. ఓడలో ఒక టైము నడుస్తుంది, దిగిన ఊళ్ళో ఇంకో టైము ఉండొచ్చు. ఫోన్ ఒడ్డు మీద సిగ్నల్ తగలగానే దానంతట అదే టైము మార్చేసుకుంటుంది. మీరు ఫోన్ చూసుకుని ఇంకా గంట ఉందిలే అనుకుంటారు, ఓడ మాత్రం తన టైముకి వెళ్ళిపోతుంది. సొంతంగా దిగి తిరిగేవాళ్ళ కోసం ఆగరు. గడియారాన్ని ఓడ టైముకి పెట్టుకుని, దాన్ని చూసే వెనక్కి రండి. ఫోన్‌ని సముద్రంలో ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి, లేకపోతే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. ఆ బిల్లు చూస్తే అప్పుడొస్తుంది అసలైన తిప్పడం.

అలాస్కాకి ఒక్క మందపాటి కోటు కంటే మూడు పల్చటి పొరలు నయం: లోపల ఒంటికి అతుక్కునేది, మధ్యలో ఉన్నిది, పైన వాన జాకెట్. గ్లేసియర్ బే దగ్గర డెక్ మీద రెండు గంటలు నిలబడ్డాను. గాలి వచ్చినప్పుడు వేసుకోవడం, ఎండ రాగానే తీయడం, ఇదే పని. బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి, కానీ బాగా దగ్గరగా చూపించేది కొనకండి. ఎంత పెద్దగా చూపిస్తే అంత వణుకుతుంది. నావికులు ఎక్కువగా 7×50, అంటే ఏడు రెట్లు పెద్దగా చూపించేది, వాడేది అందుకే. నేను ముందు కొన్న 16 రెట్లదాంట్లో తిమింగలం కాదు కదా, కొండ కూడా నిలబడలేదు.

చివరి రాత్రి గురించి చెప్పి ముగిస్తాను. దిగే ముందు రోజు రాత్రి పెద్ద పెట్టెలు సర్ది, నిద్రపోయే లోపు క్యాబిన్ బయట పెట్టాలి. వాళ్ళు తీసుకెళ్ళిపోతారు, మళ్ళీ కనిపించేది మర్నాడు ఒడ్డు మీదే. మొదటి ట్రిప్పులో నేను బుద్ధిగా అన్నీ మడిచి, జిప్పు వేసి, రాత్రి పదిన్నరకి గుమ్మం బయట పెట్టి, హాయిగా పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే క్యాబిన్‌లో నాతోపాటు మిగిలినవి పాస్‌పోర్టు, ఫోను, ఒంటిమీదున్న పైజామా, రబ్బరు చెప్పులు. ప్యాంటు లేదు.

అలాగే టిఫిన్ తిన్నాను. అలాగే సెక్యూరిటీ కౌంటర్ దగ్గర లైన్లో నిలబడ్డాను, ఇంకో పాతికమంది ముందు, ఏనుగు బొమ్మల పైజామాలో. రసీదు చూపిస్తే లోపలినుంచి ఒకాయన తెచ్చిచ్చాడు, ఇదిగో, ఈ ఎక్స్‌టెన్షన్ బాక్సు. పెట్టుకోవడానికి పెట్టె కూడా లేదు కాబట్టి, చంకలో పెట్టుకుని దిగాను.